నరసాపురం పంటు: గోదావరి దాటడానికి నాకు నచ్చిన దారి

హైదరాబాదులో సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్లగానే "వీకెండ్ ఎక్కడికెళ్లావ్" అని అడుగుతారు. "పంటు ఎక్కి అక్క వాళ్లింటికి వెళ్లొచ్చాను" అంటాను. "పంటు అంటే?" అని వెంటనే ఇంకో ప్రశ్న. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకురావాల్సి వస్తోంది, అందుకని ఈసారి కూర్చుని పూర్తిగా రాసేస్తున్నాను. హోటలుకీ, ఫోనుకీ, బిర్యానీకీ రివ్యూలు రాస్తూనే ఉన్నాం కదా. చిన్నప్పటి నుంచీ మమ్మల్ని అటూ ఇటూ దాటిస్తున్న పంటుకి ఒకటి రాయాల్సిన బాకీ నాకుంది.

రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి, వాటి మీద అడ్డంగా బల్లలు పరిచి, చుట్టూ కమ్ములు పెడితే అది పంటు. మా నాన్న చిన్నప్పుడు కర్ర పడవలే, ఇప్పుడు ఇనుముతో చేసినవి, డీజిల్ ఇంజను మీద నడుస్తాయి. మనుషులు, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, అరటి గెలలు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లివారు, అందరూ అన్నీ ఒకే బల్ల మీద. ఇటు ఒడ్డు నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా. అటు ఒడ్డు సఖినేటిపల్లి, కోనసీమ. మధ్యలో ఉన్నది వశిష్ఠ. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలి, వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ అని ఇంకో పాయ విడిపోయి సముద్రంలో కలుస్తాయి కాబట్టి మా వైపు ఎక్కడికి బయల్దేరినా ఏదో ఒక పాయ అడ్డం వస్తుంది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు కూడా "ఏటికి ఇవతలా అవతలా" అనే మొదట అడుగుతారు.

మా అక్కని అవతల ఇచ్చాం. మాది మొగల్తూరు వైపు పల్లెటూరు, వాళ్లది సఖినేటిపల్లి దాటి అంతర్వేది వెళ్లే దారిలో. గద్ద ఎగిరినట్టు తిన్నగా వెళ్తే ఎంతో దూరం లేదు. కారులో రోడ్డు మీద వెళ్లాలంటే మాత్రం నరసాపురం నుంచి పాలకొల్లు వచ్చి, చించినాడ వంతెన ఎక్కి, డిండి దగ్గర కోనసీమలో దిగి, మలికిపురం మీదుగా మళ్లీ కిందికి రావాలి, 30 కిలోమీటర్లకు పైమాటే. పంటు మీద నది దాటడానికి పావుగంట చాలు. కాసేపు రేవులో ఎదురు చూడాల్సి వచ్చినా లాభమే.

అక్క మొదటి కాన్పు అయ్యాక మూడో నెలలో పిల్లని తీసుకుని అత్తారింటికి వెళ్లిన రోజు నేనూ అమ్మా తోడు వెళ్లాం. సారె మోత చాలా ఉంది. స్టీలు బిందెల్లో సున్నుండలు, రెండు డబ్బాల అరిసెలు, మినపసున్ని, అరటి గెల, పసుపు కుంకుమ పళ్లెం, ఉయ్యాల గుడ్డలు. వేరే ఏ బండిలోనైనా అది లగేజీ, ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటాం. పంటు మీద పెట్టగానే అది సారె అయిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు బిందెల మూతలు చూసి "ఏ ఊరి కోడలివమ్మా" అని అడగడం, "మగపిల్లాడా ఆడపిల్లా" అని ఇంకొకావిడ, పక్కనున్న ముసలమ్మగారు పిల్ల బుగ్గ పట్టుకుని "వాళ్ల నాన్న ముక్కేనా" అని నవ్వడం (ఆవిడ మా బావని ఎప్పుడూ చూసిన మనిషి కాదు). చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఆవిడ లేచి నిలబడి పమిట కొంగు చాపి పట్టింది. "ఎండ నేరుగా పడతంది పిల్ల మీద, ఇటు నా నీడలోకి రామ్మా" అంది. ఒడ్డు చేరేదాకా అలాగే నిలబడింది, చెయ్యి దించలేదు. అమ్మ డబ్బా మూత తీసి చేతికందినవాళ్లందరికీ తలో సున్నుండ పెట్టింది. ఆవిడ మాత్రం "చేపల చెయ్యమ్మా, అక్కడ పెట్టు" అని గంప మీద కప్పిన అరిటాకు చూపించింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు. రేవులో దిగిన ప్రతిసారీ వెతుకుతాను.

ఇక సర్వీసు సంగతి. నరసాపురం వైపు రేవుని మాధవాయిపాలెం రేవు అంటారు. ఈ ఊరి పేరుకి పెద్ద చరిత్రే ఉంది. ఈస్టిండియా కంపెనీవాళ్ల కాలంలో ఇక్కడ ఓడలు కట్టేవారు, నూలుబట్టలు ఎగుమతి అయ్యేవి. ఇంగ్లీషువాళ్లకి మాధవాయిపాలెం నోరు తిరగక మడపొల్లం అన్నారు, అదే ఒక రకం బట్టకి పేరైపోయింది, ఇప్పటికీ ఆ పేరుతో బట్ట అమ్ముతారట. అంత దూరం వెళ్లిన పేరున్న చోట ఇప్పుడు ఓ టిక్కెట్ల గది, నాలుగు టీ బడ్డీలు, నీళ్లలోకి దిగే ఏటవాలు దారి ఉంటాయి. ఓడలు కట్టిన రేవు ఇదని ఒక చిన్న బోర్డయినా ఉండాలని నాకు చాలా కోరిక.

పంటు ఒడ్డుకి ఆనగానే ముందు దిగేవాళ్లు దిగుతారు, తర్వాత కార్లు ఎక్కుతాయి, కార్ల మధ్య సందుల్లో మోటారు సైకిళ్లు, వాటి మధ్య మనుషులు. ఇక్కడ కళాసీ పనితనం చూడాలి. పంటు మీద బరువు ఒక పక్కకి ఒరగకూడదు కదా, అందుకని ఏ బండి ఎక్కడ ఆగాలో అతనే చెబుతాడు, నోటితో కాదు, అరచేత్తో. చెయ్యి చాపితే రా, మూస్తే ఆగు, వేళ్లు కదిపితే ఇంకో జానెడు. కారు డ్రైవరు అద్దంలో ఆ చేతినే చూస్తూ బెత్తెడు బెత్తెడు జరుపుతాడు. కొత్తగా వచ్చేవాళ్లకి మొదటిసారి టెన్షన్‌గానే ఉంటుంది, బల్ల మీద టైరు ఎక్కినప్పుడు పంటు మొత్తం కొంచెం కిందికి దిగి మళ్లీ లేస్తుంది, గుండె జారినట్టవుతుంది. భయపడక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, కిందికి దిగి నిలబడండి. అద్దాలు బిగించుకుని కార్లో కూర్చోవద్దు. జాగ్రత్త కోసమూ దిగాలి, గాలి కోసమూ దిగాలి.

నేను మొదటిసారి బండి వేసుకుని ఒంటరిగా ఎక్కినప్పుడు స్టాండు వేసి పక్కకెళ్లి ఫోటోలు తీసుకుంటున్నాను. పంటు నడిపే సరంగు వెనక నుంచి పిలిచాడు. "తమ్ముడూ, బండి స్టాండు మీద వదిలెయ్యకు. చేత్తో పట్టుకో. అల వస్తే పక్క బండి మీద పడద్ది." ఆయ్ అని వెళ్లి పట్టుకున్నాను. ఆయన అరవలేదు, చిన్నబుచ్చలేదు, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఎన్నో సర్వీసుల వాళ్లతో మాట్లాడాను, కస్టమర్ కేర్ అని గంటల తరబడి పాట వినిపించిన వాళ్లతో కూడా. ఒక్క మాటలో కారణంతో సహా చెప్పి, మనల్ని తక్కువ చెయ్యకుండా చెప్పేవాళ్లు అరుదు.

కొంతమందికి తెలియదు గానీ ఇక్కడ నది ఒక వైపే పారదు. సముద్రం దగ్గర కాబట్టి రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. పోటు మీద నీళ్లు ఎగువకి నడుస్తాయి, గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా రాజమండ్రి వైపు తిరిగి ప్రయాణం కడతాయి. సరంగు దానికి తగ్గట్టు పంటుని కొంత ఎగువకో దిగువకో ఏటవాలుగా తీసుకెళ్లి అవతల రేవుకి సరిగ్గా ఆనిస్తాడు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుంది, ఆ రోజుల్లో పాటు తీసినప్పుడు నీళ్లు అంతే లోతుగా దిగిపోతాయి, ఇసుక మేటలు పైకి తేలతాయి, పంటు చుట్టు తిరిగి రావాల్సి వస్తుంది. ఆలస్యమైందని విసుక్కునేవాళ్లకి నా మాట ఒకటే. తిథి చూసుకుని బయల్దేరండి. మా బావ ఫోనులో పంచాంగం పెట్టుకున్నది ముహూర్తాలకి కాదు, పంటుకే.

వరదలో అసలు నడవదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. జులై, ఆగస్టు నెలల్లో మా ఇళ్లలో ఈ అంకెలు క్రికెట్ స్కోరులా వినపడుతుంటాయి, ఎందుకంటే పైన అంకె పెరిగితే కింద నది మధ్య లంకల్లో ఇళ్లలోకి నీళ్లొస్తాయి, పంటు ఒడ్డున కట్టేస్తారు. కాబట్టి ఆ రెండు నెలల్లో కోనసీమ ప్రోగ్రాం పెట్టుకునేవాళ్లు ముందు వార్తలు చూసుకోండి. ఆ ఎర్రటి వరద నీటితోనే సముద్రంలోంచి పులస చేప ఎదురెక్కి వస్తుంది కాబట్టి చాలామంది సరిగ్గా అప్పుడే రావాలనుకుంటారు, అది వేరే సంగతి.

అవతల దిగాక ఎక్కడికెళ్లాలి అంటే, మొదటిసారి వచ్చేవాళ్లకి అంతర్వేది చెబుతాను. లక్ష్మీనరసింహస్వామి గుడి చూసుకుని, లైట్‌హౌస్ దాటి, అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి. అక్కడ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. గట్టు మీద నిలబడితే ఒక పక్క నదీ ఇంకో పక్క సముద్రమూ కనపడతాయి, రంగు తేడా కంటికి తెలుస్తుంది. సాయంత్రం నాలుగు గంటలకి వెళ్లి ఆరింటికి తిరిగి రేవుకి వచ్చేయడం మంచిది. భీష్మ ఏకాదశికి రథోత్సవం, తీర్థం. ఆ రోజుల్లో పంటు మీద కాలు పెట్టే చోటు ఉండదు, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నవాళ్లు రోడ్డు మీద రావడమే నయం.

నరసాపురం దాకా రావడానికి కారు వద్దు, రైలెక్కండి. హైదరాబాదు నుంచి రాత్రి ఎక్కితే నరసాపురం ఎక్స్‌ప్రెస్ పొద్దున్నకి చివరి స్టేషన్లో దింపుతుంది, దిగాల్సిన ఊరు దాటిపోతుందేమోనన్న బెంగ కూడా లేదు. నేను మాత్రం కైకలూరు దగ్గరే లేచి కూర్చుంటాను. ఆకివీడు, ఉండి మధ్య కిటికీ పక్కన సీటు దొరికితే ఎవరికీ ఇవ్వకండి. రెండు వైపులా చేపల చెరువులు, మధ్యలో సన్నటి గట్టు, గట్టు మీద ఒక్కో కొబ్బరి చెట్టు, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూ తెల్లటి నురగ చిమ్ముతూ ఉంటాయి, ఇంకా పూర్తిగా తెల్లవారని ఆ వెలుతురులో చెరువులు స్టీలు పళ్లేల్లా మెరుస్తాయి. నా చిన్నప్పుడు ఇదంతా వరి. అది తలుచుకుంటే మనసు కొంచెం కలుక్కుమంటుంది, చెరువులు వచ్చాక ఊళ్లో తాగే నీళ్ల సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి. భీమవరంలో సగం బోగీ ఖాళీ అవుతుంది. వీరవాసరం, పాలకొల్లు, ఆ తర్వాత మన ఊరే. పాలకొల్లులో టైముంటే దిగి క్షీరారామం చూసి తర్వాత బస్సులో రావచ్చు, పంచారామాల్లో ఒకటి, గోపురం దూరం నుంచే కనపడుతుంది.

నరసాపురం స్టేషన్ బయట బండి మీద పెసరట్టు ఉప్మా తిని ఆటోలో రేవుకి రావడం నా అలవాటు. అల్లం పచ్చడి ఘాటుకి కళ్లలో నీళ్లు రావాలి, రాకపోతే ఆ బండి మార్చండి. లేసు అల్లికలు కొనుక్కునేవాళ్లు ఊళ్లో కొనుక్కోవచ్చు, ఇక్కడి క్రోషే లేసుకి ఈమధ్యనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అక్క పిల్లకి గౌను మీద కుట్టించడానికి అమ్మ ఇక్కడే కొంటుంది. చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని కబుర్లాడుతూ అల్లుతుంటారు, చూపు సూది మీద ఉండదు, చెయ్యి మాత్రం ఆగదు.

అన్ని రేవులూ ఇలాగే ఉంటాయని చెప్పలేను. ఓసారి అమ్మని తీసుకుని డెల్టాలో వేరే చోట ఒక చిన్న రేవులో దాటాను, పేరు రాయడం లేదు. అక్కడ పంటు కాదు, మామూలు పడవ మీద రెండు బల్లలు అడ్డంగా వేసి బండ్లు ఎక్కించారు. ఐదు బండ్లకి చోటు, ఎనిమిది ఎక్కించారు. నది నడుమకి వచ్చాక ఇంజను స్లో చేసి బండికి ఇంకో ఇరవై ఇవ్వాలన్నారు, ఒడ్డున చెప్పిన రేటు వేరు. డబ్బు పెద్ద విషయం కాదు, నది మధ్యలో ఆపి అడగడం చాలా తప్పు. అమ్మకి ఈత రాదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఇచ్చెయ్యి నాన్నా, ఇచ్చెయ్యి" అంది. ఒక్క లైఫ్ జాకెట్ లేదు, ఎవరూ అడగలేదు, నేనూ ఎక్కేముందు అడగలేదు. 2019 సెప్టెంబరులో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిపోయి ఎంతమంది పోయారో చూశాం. ఆ వార్త విన్న వారం రోజులు అందరం జాకెట్లు వేసుకున్నాం, ఆ తర్వాత మళ్లీ మామూలే. అప్పటి నుంచి నాకొక నియమం ఉంది. ఏ రేవులోనైనా జాకెట్ అడుగుతాను, లేకపోతే ఎక్కను, ఎంత పనున్నా సరే. జనం చూసి నవ్వినా పర్లేదు, మీరూ అడగండి. పదిమంది అడిగితే తెచ్చి పెడతారు.

పంటు కాకుండా ఇంకేం ఇష్టమంటే, కాలవ గట్టు మీద బండి. దీనికి ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టాలి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట చోటే ఇప్పుడున్న బ్యారేజీ, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో లంకలు. దాని మీద నుంచి బొబ్బర్లంక వైపు దిగి ఆత్రేయపురం దారి పట్టండి. పక్కనే కాలవ, కాలవ పక్కనే మీరు, ఎండ నెత్తిన పడకుండా చెట్లు. లొల్ల లాకుల దగ్గర తప్పకుండా ఆగండి. ఆ లాకులు నీళ్లు వదలడానికే అనుకుంటారు చాలామంది. ఈ కాలవలు కట్టింది పడవల కోసం కూడా, మా తాతగారి రోజుల్లో ధాన్యం, సామాను, మనుషులు అన్నీ కాలవ మీదే నడిచేవి, ఎత్తు తేడా ఉన్న చోట పడవని లాకులో పెట్టి, తలుపులు మూసి, నీళ్లు నింపి పైకి తేల్చేవారు. రైలు కంటే కాలవే చవక అని కాటన్ గారు జీవితమంతా వాదించాడు. ఈ ప్రయాణాలు చేస్తున్నంతసేపూ ఆయన మాట నిజమేననిపిస్తుంది నాకు. బస్సు కిటికీలోంచి కాలవ చూసిన ప్రతిసారీ, దీని మీద పడవెక్కి వెళ్లిపోవచ్చు కదా అని మనసు లాగుతుంది.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడం అందరూ చేస్తారు, చేసేది చూడమని చెబుతాను. 2023లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ, కింద మంట, పక్కన గిన్నెలో పలచటి బియ్యం పిండి నీళ్లు. ఆవిడ గుడ్డని అందులో ముంచి, రెండు చేతులతో చాపి పట్టుకుని, కుండ వీపు మీద ఒక్కసారి అలా లాగుతుంది. గుడ్డ అవతలికి చేరేలోపే రేకు ఆరిపోయి అంచు లేస్తుంది, వేలితో తీసి పక్కన పెడుతుంది. ఇంకోసారి గుడ్డ, ఇంకో రేకు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతల మనిషి కనపడతాడు. ఆ వేడి ముందు రోజంతా కూర్చోవడం మాటలు కాదు. బేరం ఆడకండి దయచేసి. బెల్లం నెయ్యి వేసినవే తీసుకోండి, డ్రైఫ్రూట్ కూరినవి ఎక్కువ ధరకి అమ్ముతారు గానీ రేకు రుచి వాటి కింద పోతుంది.

హౌస్‌బోటు గురించి చాలామంది అడుగుతారు. స్నేహితులం నలుగురం కలిసి ఒకసారి ఒక ప్రైవేటు హౌస్‌బోటు ప్యాకేజీ తీసుకున్నాం. ఏసీ గది, టీవీ, బఫే భోజనం. గంటసేపు తిప్పి ఒడ్డున కట్టేశారు, రాత్రంతా జనరేటరు మోతే. కిటికీ తెరవబోతే ఏసీ నడుస్తోంది తెరవొద్దన్నారు. నది మీద పడుకుని నది చప్పుడు వినలేకపోయాం. చేపల పులుసు అడిగితే చిల్లీ చికెన్ పెట్టారు. నేనైతే మళ్లీ ఎక్కను. ఆ డబ్బుతో అక్క వాళ్లింటికి పది సార్లు వెళ్లి రావచ్చు, పులుసు మట్టి దాకలో తినొచ్చు.

పల్లెవెలుగు బస్సు బాగానే ఉంటుంది, కిటికీ పక్కన కూర్చుంటే. ఇంకేం చెప్పను.

వంతెన సంగతి రాయకపోతే ఈ రివ్యూ సగమే. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వంతెన అనే మాట నేను పుట్టకముందు నుంచీ ఉంది, శంకుస్థాపనల గురించి ఊళ్లో పెద్దవాళ్లు వేళ్లు ముడిచి లెక్క చెబుతారు. బయట నుంచి వచ్చే స్నేహితులు "వంతెన కడితే ఈ అందం పోతుంది, కట్టకపోతేనే మంచిది" అంటుంటారు. వాళ్ల మీద కోపం లేదు గానీ ఆ మాట నేను ఒప్పుకోను. రెండేళ్ల కిందట డిసెంబరులో ఒక రాత్రి పదకొండు దాటాక బావ ఫోన్ చేశారు. మావయ్యగారికి గుండెల్లో నొప్పి. పంటు ఎప్పుడో ఆగిపోయింది, పైగా మంచు. నదికి అవతల నరసాపురం దీపాలు కనపడుతుంటే, కారు దానికి వీపు తిప్పి మలికిపురం వెళ్లి, డిండి దగ్గర వంతెన ఎక్కి, పాలకొల్లు దాటి భీమవరం ఆసుపత్రికి చేరింది. నేను హైదరాబాదులో ఫోను పట్టుకుని, ఇప్పుడు ఎక్కడున్నారు, ఇప్పుడు ఎక్కడున్నారు అని అడుగుతూనే ఉన్నాను. మావయ్యగారు బతికారు. ఇంకో ఇంట్లో అలా జరగలేదు, వాళ్లూ మాకు తెలిసినవాళ్లే. కాబట్టి వంతెన రావాలి. రేపు వస్తే రేపే సంతోషం. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చాక గౌతమి అవతలి ఊళ్లకి కాకినాడ ఎంత దగ్గరైందో అక్కడివాళ్లని అడిగితే చెబుతారు. వంతెన వచ్చాక కూడా ఒక్క పంటు ఉంచితే నేను దాని మీదే వెళ్తాను, నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు. ఆ సరంగులకీ కళాసీలకీ ముందే వేరే దారి చూపించాలి, అది కూడా వంతెనతో పాటే అడగాల్సిన విషయం.

పదికి ఎన్ని మార్కులంటే, ఎనిమిది వేస్తాను. ఒక మార్కు రేవులో ఆడవాళ్లకి సరైన మరుగుదొడ్డి, ఎండకి నీడ లేనందుకు పోయింది, ఇది చిన్న విషయంగా కనపడొచ్చు గానీ చంటిపిల్లతో ఎండలో అరగంట నిలబడ్డ అక్కని అడగండి. ఇంకోటి రాత్రి పూట కోసం.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. టిక్కెట్టు రేటు రేవు దగ్గర బోర్డు మీద చూసుకోండి, రేవు వేలం పాట మారినప్పుడు రేటూ మారుతుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి. చివరి పంటు ఎన్నింటికో దాటిన వెంటనే అవతల ఒడ్డున అడిగి తెలుసుకోండి, తిరిగి వచ్చేటప్పుడు కాదు. ముందు వైపు కమ్మీ దగ్గర నిలబడితే గాలి బాగుంటుంది, ఇంజను పొగ వెనక్కి పోతుంది. చేపల గంపలున్న చోటుకి వెళ్లి నిలబడండి, కబుర్లన్నీ అక్కడే.

పోయిన శనివారం సాయంత్రం నేను ఎక్కేసరికి పొద్దు వాలుతోంది, పోటు మీద ఉంది నది. నడిమికి రాగానే ఫోను మోగింది, అక్క. "ఎక్కావా? అన్నం పెట్టేస్తున్నా." ఎక్కాను, పావుగంటలో అక్కడుంటా అన్నాను. పక్కన ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని నిలబడి ఉంది, పడమటి ఎండ నేరుగా పిల్ల ముఖం మీద. నా భుజాన ఉన్న తువ్వాలు తీసి రెండు చేతులతో చాపి పట్టుకున్నాను. ఆవిడ నా వైపు చూసి "ఏ ఊరు బాబూ" అంది.